ఆది జాకెట్

ఎమ్మెస్‌కని హ్యూస్టన్ వచ్చాక నేను కొన్న మొదటి పెద్ద వస్తువు కుట్టుమిషన్. గరాజ్ సేల్‌లో 40 డాలర్లకు దొరికింది. అంతకు ముందు వారం జీన్స్ కింది అంచు మడిచి కుట్టడానికి ఒక షాపులో 18 డాలర్లు అడిగారు. వెంటనే రూపాయల్లోకి మార్చి లెక్కేసుకున్నా. (కొత్తగా వచ్చిన అందరికీ ఉండే జబ్బే ఇది.) అమ్మ వింటే పడీ పడీ నవ్వుతుందనుకున్నా.

అమ్మ నవ్వలేదు. మిషన్ కొన్నానని చెప్తే ఫోన్‌లో కాసేపు మాటే లేదు. తర్వాత, "గిందుకేనా బిడ్డా నిన్ను గంత దూరం పంపింది?" అంది.

మాది మద్దూరు. చేర్యాల దగ్గర. 2016 దాకా వరంగల్ జిల్లా, ఆ తర్వాత సిద్దిపేట. మా ముందు గదిలో కిటికీ పక్కన అమ్మ తొక్కుడు మిషన్ ఉంటుంది. రీయింబర్స్‌మెంట్ పోను నా ఇంజినీరింగ్‌కి అయిన మిగతా ఖర్చు, హాస్టల్ ఫీజుతో సహా, ఆ మిషన్ మీదే వచ్చింది. బతుకమ్మకు ముందు పదిహేను రోజులు అమ్మ ఎప్పుడు పడుకునేదో నాకు తెలీదు. ఏడో తరగతికల్లా నేను హుక్కులు, కాజాలు, హెమ్మింగ్ నేర్చుకున్నా. పదో తరగతిలో జాకెట్ మొత్తం కుట్టేదాన్ని. ఇంటర్‌లో చేరగానే కత్తెర నా చేతిలోంచి తీసేసుకుంది. "నా నడుములు వొయినయి చాలు, నువ్వు పుస్తకం పట్టుకో" అంది. సెలవులకు ఇంటికొచ్చినా మిషన్ ముట్టనిచ్చేది కాదు.

విచిత్రం ఏంటంటే, ఆ మిషన్ మళ్ళీ గుర్తొచ్చింది క్లాసులోనే. సెకండియర్ కైనమాటిక్స్‌లో క్రాంక్ రాకర్ చెప్తుంటే నా కళ్ళ ముందు అమ్మ పాదాలే కనిపించాయి. తొక్కుడు పలక ఊగుతుంది, కడ్డీ దాన్ని చక్రానికి అందిస్తుంది, చక్రం తిరుగుతుంది. డెడ్ సెంటర్ దగ్గర ఆగిపోతే ఎంత తొక్కినా కదలదు. అందుకే అమ్మ ప్రతిసారీ ముందు పై చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పి, తర్వాత తొక్కుతుంది. ఆమెకు ఆ మాట తెలీదు, పని తెలుసు. నాకు పరీక్షలో ఆ ప్రశ్నకు ఫుల్ మార్కులొచ్చాయి.

ఇక్కడి మిషన్‌కు కరెంటు మోటారు. తొక్కే పని లేదు. మొదట దిండు గలీబులు కుట్టా, తర్వాత రూమ్మేట్ కుర్తా. బతుకమ్మ వచ్చేసరికి నలుగురు జాకెట్ ముక్కలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. డబ్బులిస్తామన్నారు, వద్దన్నా. నాది ఎఫ్-1 వీసా. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటలకు మించకుండా పని చెయ్యాలి. బయట కూలికి కుట్టకూడదు. ఈ సంగతి చెప్తే అమ్మకు అసలు అర్థం కాలేదు.

"పైసల్ లేకుండ కుట్టుడేందే? మరెందుకు కుడుతున్నవ్?"

దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. ల్యాబ్‌లో మూడు వారాలు నడిపిన సిమ్యులేషన్ చివర్లో ఎర్రర్ ఇస్తుంది. జాకెట్ అట్లా కాదు, శనివారం కత్తిరిస్తే ఆదివారానికి ఒకరి ఒంటి మీద ఉంటుంది. ఇదే చెప్పా. "నీకు సదువు కష్టమైతుందా?" అని ఇంకో భయం పట్టుకుంది ఆమెకు.

ఆ మధ్య ఒక ఫ్రెండ్ అలబామాలోని గీస్ బెండ్ క్విల్టుల ఫొటోలు చూపించింది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు చిరిగిన పని బట్టలు అతికి, చలికి కప్పుకోవడానికి కుట్టుకున్నవి. 2002లో వాటిని ఇదే హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు, తర్వాత న్యూయార్క్‌లో. 2006లో వాటి మీద పోస్టల్ స్టాంపులు కూడా వేశారు. నాకైతే అవి అచ్చం మన బొంతలే. పాత చీరలు నాలుగు మడతలు పరిచి, పెద్ద సూదితో అంచు నుంచి లోపలికి వరస వరసగా కుట్టుకుంటూ పోతారు చూడండి, అదే పని. అమ్మకు ఫొటోలు పంపా. పది నిమిషాలకు ఫోన్ చేసింది.

"గీ మూల మీద గుడ్డ వంకర పోయింది, చూసినవా?"

చూడలేదు. ఆమె చెప్పాక చూశా. ఆ రోజే మొదటిసారి నేను కుట్టిన జాకెట్ చూపించమని అడిగింది. వీడియోలో రూమ్మేట్‌ను వెనక్కి తిరగమంది, చెయ్యి ఎత్తమంది. "సంక కాడ ముడతలున్నయి. రౌండు ఇంకో అర ఇంచు లోపలికి తియ్యాలె. భుజం మంచిగొచ్చింది." అరగంట మాట్లాడింది. చదువు గురించి ఒక్క మాట లేదు. నేను ఇంజినీరింగ్‌లో చేరినప్పటినుంచి అమ్మ నాకు ఏదన్నా నేర్పడం ఇదే. అంతకు ముందు ఏం చెప్పినా, "నీకు తెల్వదా, సదువుకున్నదానివి" అనేది.

ఈ డిసెంబర్‌లో ఇంటికి పోతున్నా. ఆమెకొక జాకెట్ కుట్టి తీసుకుపోదామని ఆది జాకెట్ కొలతలు పంపమన్నా. ఊళ్ళో సగం మంది ఆది జాకెట్లు మా ఇంట్లో మూటలు కట్టి ఉంటాయి. అమ్మది మాత్రం లేదు. ఎవరివో మిగిలిన ముక్కలు అందాజకు కత్తిరించుకుని వేసుకుంటుంది.

"నాకెవరు కొలిచిన్రే," అంటూనే టేపు తీసింది. వీపు తనకు తాను కొలుచుకోవడం రాదు కదా, పక్కింటి అత్తను పిలిచింది. ఆమెకు టేపు ఎటు పట్టుకోవాలో తెలీదు. ఇద్దరూ నవ్వుతున్నారు. నేనిటు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నా.

"భుజం 14. రాసుకున్నవా?"