తండ్రి దిగిన బండి

పందెం కార్ల సంగతి మన కుటుంబాలకు ఎందుకని మీకు అనిపించవచ్చు. మనలో చాలామందికి కారు కొనే స్తోమత లేదు. అయినా ఒక తండ్రీ కొడుకుల జీవితం చాలా కాలంగా మా మనస్సులో మెదలుతున్నది. ఎదిగిన బిడ్డలున్న ప్రతి ఇంటికీ అందులో ఆలోచించవలసినది ఉన్నదని తోచి మీతో పంచుకుంటున్నాము.

అమెరికా దేశంలో ఫిలడెల్ఫియా నగరానికి ఉత్తరాన వారింగ్టన్ అనే చిన్న ఊరు ఉన్నది. బాబ్ హోల్బర్ట్ అనే ఆయన అక్కడ కార్లు బాగుచేసే గ్యారేజీ నడుపుకొనేవారు. 1950ల మధ్యలో జర్మనీ నుండి వచ్చే పోర్షా కార్లు అమ్మడం మొదలుపెట్టారు. ఆ దేశంలో ఆ కార్లు అమ్మిన తొలి వర్తకులలో ఆయన ఒకరు. ఆయన పొట్ట నింపినది గ్యారేజీ. ఆయన మనస్సు నింపినది మాత్రం కార్ల పందెం.

ఆ రోజుల్లో అక్కడి స్పోర్ట్స్ కార్ క్లబ్బు పందేలలో గెలిచినవారికి డబ్బు ఇచ్చేవారు కాదు. కప్పు చేతికిచ్చి పంపేవారు. పందెం ముగిసిన తర్వాత మళ్ళీ గ్యారేజీకి వచ్చి, చేతులకు గ్రీజు పూసుకొని పని చేసుకోవలసిందే. అలాంటి మనిషి 1961లో ఫ్రాన్సు దేశంలోని లెమాన్స్ పట్టణంలో జరిగే 24 గంటల పందెంలో మరొక డ్రైవరుతో కలిసి అయిదవ స్థానంలో నిలిచారు. 1963లో ఆ క్లబ్బు వారే డబ్బు బహుమతులతో దేశవ్యాప్తంగా పోటీలు పెట్టగా, ఆ మొదటి ఏడాదే విజేత అయ్యారు.

మరుసటి సంవత్సరం ఆయనకు తోడుగా డేవ్ మెక్‌డొనాల్డ్ అనే యువకుడు ఉండేవాడు. 1964 ఫిబ్రవరిలో డేటోనాలో వారిద్దరి కారు అందరికన్నా ముందుండగా, పెట్రోలు పోసే సమయంలో మంట అంటుకొని పందెం పోయింది. మార్చిలో సెబ్రింగ్ అనే చోట అదే జంట తమ తరగతి కార్లన్నిటిలో మొదటిగా వచ్చింది. మే 30న ఇండియానాపోలిస్ పందెంలో, రెండవ చుట్టులోనే జరిగిన ఘోర ప్రమాదంలో మెక్‌డొనాల్డ్ మరణించాడు. అతని వయస్సు 27 సంవత్సరాలు. మరొక డ్రైవరు ఎడ్డీ శాక్స్ కూడా ఆ మంటలలోనే పోయాడు.

ఆ సంవత్సరమే బాబ్ హోల్బర్ట్ పందేలు మానుకున్నారు. పేరు శిఖరాన ఉన్నప్పుడు దిగిపోవడం తేలిక కాదు. ఆయనకు తిరిగి వెళ్ళడానికి గ్యారేజీ ఉన్నది, కార్ల అంగడి ఉన్నది, ఇల్లు ఉన్నది.

కాని ఆ గ్యారేజీలోనే ఒక కొడుకు పెరుగుతున్నాడు. పేరు ఆల్. తండ్రి పందేలు మానేనాటికి వాడికి 17 ఏళ్ళు. కాలేజీ రోజులలో రోజర్ పెన్స్కీ అనే పేరొందిన పందెం జట్టు యజమాని దగ్గర పని నేర్చుకున్నాడు. తండ్రి దిగిన బండిలోకే కొడుకు ఎక్కాడు. తండ్రి అయిదవ స్థానంలో వచ్చిన లెమాన్స్‌లోనే 1983, 1986, 1987 సంవత్సరాలలో ఆల్ మొదటివాడిగా నిలిచాడు. 1983 పందెంలో ఇంజను మితిమీరి వేడెక్కి, చివరి చుట్టులో పొగలు కక్కుతూ ఆగినంత పని చేసింది. ఆ బండినే ఎలాగో బ్రతిమాలినట్టు నడిపించి గీత దాటించాడు. గ్యారేజీలో పెరిగిన బిడ్డ అని అనుకోకుండా ఉండలేకపోయాము.

మా ఇల్లు కూడా ఇంజన్ల మధ్యనే ఉన్నది. రోడ్డు ప్రక్కన రేకుల షెడ్డులో ట్రాక్టర్లు బాగుచేసుకొని బ్రతుకుతున్నాము. మా పెద్దవాడు ఏడవ తరగతి నాటికే చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పేవాడు. ఇప్పుడు నాగపూరు దారిలో సరుకు లారీ నడుపుతున్నాడు. రాత్రివేళ ఫోను మోగితే మేమిద్దరం ఒక్కసారే లేచి కూర్చుంటాము. మానుకోరా అని చెప్పి చూశాము. "స్పానరు చేతికిచ్చింది మీరే కదా" అని నవ్వుతాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మనం నేర్పిన విద్యను తిరిగి ఇచ్చెయ్యమని బిడ్డను అడగలేము.

ఆల్ హోల్బర్ట్ పందెపు కారులో చనిపోలేదు. 1988 సెప్టెంబరు 30న ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ పట్టణంలో, పందేల కోసం వెళ్ళినచోట నుండి తిరిగి బయలుదేరగా, అతని చిన్న విమానం పైకి లేచిన కొద్దిసేపటికే కూలిపోయింది. అప్పటికి 41 ఏళ్ళు. తండ్రి ఆ తర్వాత 19 ఏళ్ళు బ్రతికి 2007లో కన్నుమూశారు. ఆ 19 ఏళ్ళ బరువు ఎంతో బిడ్డను పోగొట్టుకున్నవారే ఎరుగుదురు.

ఇది చదివిన తర్వాత మాకు ఒక సంగతి తేటపడింది. మన భయం ఒక దారిలో కాపలా కాస్తుంటే కీడు మరొక దారిన రావచ్చు. కాబట్టి బిడ్డ కాలికి మన భయాన్ని సంకెలగా వేసి లాభం లేదు. ఎక్కడ ఆగాలో బాబ్ హోల్బర్ట్ తన మట్టుకు తాను తెలుసుకొని ఆగారు. ఆ తెలివి పొలంలాగా, షెడ్డులాగా వ్రాసి ఇవ్వగలిగే ఆస్తి కాదు. ఎవరికి వారు సంపాదించుకోవాలి.

అయితే తల్లిదండ్రులుగా మనకు మిగిలిన పని ఒకటి ఉన్నది. మనం కళ్ళారా చూసిన ప్రమాదాలను, పోగొట్టుకున్న స్నేహితులను బిడ్డల దగ్గర దాచకుండా చెప్పడం. నిద్ర వస్తే బండి ప్రక్కకు ఆపమనడం. బాడుగ పోయినా పరవాలేదు, ఇంట్లో ఎవరూ నిన్ను తక్కువగా చూడరని మాట ఇవ్వడం. బండి ఆపడం సిగ్గు కాదని ఇంట్లో విన్న బిడ్డకు, ఆపవలసిన చోట ఆపడం కొంత తేలికవుతుంది.