ముందెంత... వెనకెంత?

"ఎంత కొట్టమంటారండీ మాస్టారూ?"

కోరుకొండ ఊరి చివర పంక్చరు షాపు కుర్రాడు గాలి గొట్టం చేత్తో పట్టుకుని అడిగాడు. అడగటం మర్యాద కోసమే. జవాబు వాడి దగ్గర సిద్ధంగానే ఉంది. "ముప్పై కొట్టేత్తానండి. కార్లన్నిటికీ అదేనండి" అన్నాడు మళ్లీ తనే.

మాస్టారు తలూపబోయారు. ఈలోగా పక్క సీట్లోంచి కూతురు దిగింది.

"ఆగు తమ్ముడూ... నాన్నా, దీనికి నాలుగు చక్రాలకీ ఒకటే గాలి కాదేమో!"

ఆయన నవ్వారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నాలుగు చక్రాలు, నాలుగూ ఒకే సైజు, ఒకే కంపెనీ. గాలి మాత్రం వేరే ఎందుకుండాలి? కానీ ఆ 'కాదేమో' ఆయన్ని ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ కారు సంగతి చెప్పుకోవాలి.

అది స్టాండర్డ్ హెరాల్డ్. 1968 మోడల్. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌ని మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి మన దగ్గర తయారుచేశారు. గీసినవాడు ఇటలీకి చెందిన మిచెలోట్టి. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా మొసలి నోరులా తెరుచుకుంటుంది. ఇదే బండి చట్రాన్ని పొట్టిచేసి, రెండే సీట్లు వేసి, 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. ఇప్పుడు పాతకార్ల మోజున్నవాళ్లు ప్రపంచమంతటా ఆ స్పిట్‌ఫైర్ కోసం ఎగబడతారు. హెరాల్డేమో సంసారి అన్న. స్పిట్‌ఫైరేమో షోకిల్లా తమ్ముడు. కాళ్లూ చేతులూ మాత్రం ఇద్దరికీ ఒకటే.

మాస్టారి తండ్రి ఆ ఊళ్లో డాక్టరు. 1974లో ఆ హెరాల్డ్‌ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. రాత్రివేళ ఎక్కడ కబురొచ్చినా ఆ కారులోనే వెళ్లేవారు. నరసింహస్వామి కల్యాణానికి ఊరంతా జనం పోటెత్తినప్పుడు, కొండ మెట్లెక్కుతూ సొమ్మసిల్లిన వాళ్లని ఆ కారు వెనక సీట్లోనే పడుకోబెట్టి తీసుకొచ్చేవారు.

1986 ఆగస్టు. గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడాది. గోకవరంలో పెళ్లి చూసుకుని డాక్టరు గారూ భార్యా తిరిగొస్తున్నారు. సన్నగా వాన పడుతోంది. ఓ మలుపు దగ్గర కారు వెనక భాగం ఉన్నట్టుండి ముందుకు తిరిగిపోయింది. బొంగరంలా ఓ చుట్టు చుట్టి పక్కనున్న బోదెలోకి జారింది. ఆయనకి దెబ్బల్లేవు. ఆవిడకి కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు గానీ ఎముక వంకరగానే అతుక్కుంది.

ఆ మర్నాటి నుంచి డాక్టరు గారు స్టీరింగు ముట్టుకోలేదు. "నా చేతుల్లో పట్టు పోయిందిరా" అనేవారు. ఎవరెన్ని చెప్పినా వినలేదు. చివరికి ఇంజెక్షను ఇచ్చేటప్పుడు కూడా ఒకటికి రెండుసార్లు తన చేతివంక చూసుకునేవారు. కారుని పాకలోకి తోయించి మీద దుప్పట్లు కప్పించారు. 2003లో పోయేదాకా దాని ఊసెత్తలేదు.

మనవరాలికి ఆ దుప్పటి కింద ఏముందో చూడాలని చిన్నప్పటి నుంచీ ఆశ. కాకినాడలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది దాచుకున్న డబ్బు తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. రాజమండ్రిలో ఇంజన్ విప్పించారు. బ్రేకులు కొత్తవి వేయించారు. 13 అంగుళాల రేడియల్ టైర్లు నాలుగు కొన్నారు. మొదటి ప్రయాణం అన్నవరం. నానమ్మ ఎప్పటిదో మొక్కు ఉంది. దానికి ముందు మిగిలింది గాలి కొట్టించడమే!

ఆ సాయంత్రం కూతురు ఓ తెల్లకాగితం మీద బొమ్మ గీసింది.

"ఈ కారు వెనక చక్రాలు చూడు నాన్నా. రెంటికీ కలిపి ఒకే కమ్మీ కాదు. చెరో ఇరుసూ పక్షి రెక్కల్లా పైకీ కిందికీ ఆడుతుంది. దీన్ని స్వింగ్ యాక్సిల్ అంటారు. గోతుల రోడ్డు మీద మెత్తగా పోతుంది. కానీ మలుపులో స్పీడుగా తిప్పి, భయమేసి యాక్సిలరేటర్ మీంచి ఠక్కున కాలు తీశామనుకో... బరువంతా ముందుకొస్తుంది. వెనక భాగం తేలికై పైకి లేస్తుంది. చక్రాలు కాళ్లు ముడుచుకున్నట్టు లోపలికి ముడుచుకుంటాయి. రోడ్డు మీద పట్టు తప్పుతుంది."

"దానికీ గాలికీ ఏమిటి సంబంధం?"

"అందుకే ముందు టైర్లలో కావాలనే గాలి తక్కువ ఉంచుతారు. అవి కాస్త మెత్తగా, బద్ధకంగా ఉంటాయి. మలుపులో పట్టు తప్పితే ముందు చక్రాలే ముందు తప్పాలి. అప్పుడు బండి అనుకున్నంత తిరగదు. నడిపేవాడికి చేతుల్లోనే తెలుస్తుంది. వేగం తగ్గించుకుంటాడు. వెనక చక్రాలు ముందు జారాయా... తెలిసేలోపే అయిపోతుంది."

తమ్ముడు స్పిట్‌ఫైర్ లెక్క కూడా చెప్పింది. రేడియల్ టైర్లతో వచ్చిన తర్వాతి మోడళ్లకి కంపెనీ చెప్పింది ముందు 21 పౌండ్లు, వెనక 26. ఇప్పటి కార్లకి తలుపు దగ్గర అంటించిన కాగితం మీద చాలావరకు ముందూ వెనకా దగ్గరదగ్గరగా ముప్పై పైచిలుకు ఉంటుంది. పంక్చరు షాపు కుర్రాడి తప్పేం లేదు. వాడు చూసినవన్నీ ఆ కార్లే.

హెరాల్డ్‌తో వచ్చిన పుస్తకం ఉంటే సందేహం తీరిపోను. డాక్టరు గారి ట్రంకుపెట్టె దించారు. కారు పుస్తకం దొరకలేదు. పెట్రోలు లెక్కలు రాసుకున్న చిన్న డైరీ దొరికింది. పదిహేను రోజులకోసారి, మందులచీటీ రాసే ఆ గొలుసుకట్టు అక్షరాల్లోనే, ఓ చిన్న గీత కింద - ము 20, వె 25. పేజీ తిప్పితే మళ్లీ ము 20, వె 25. ఏళ్ల తరబడి అదే. ఆఖరి లెక్క 1986 జూలైలో ఉంది.

మాస్టారు డైరీ మూసేశారు. ఆయనకి ఆ ఆగస్టు నాటి ఉదయం గుర్తొచ్చింది.

అప్పుడాయనకి పాతికేళ్లు. బీఈడీ అయ్యి కొత్తగా ఉద్యోగంలో చేరారు. నాన్నగారు పెళ్లికి వెళ్తున్నారు కదా, ఆయనకి శ్రమ లేకుండా కారు తుడిపించి, గాలి కొట్టించుకొద్దామని తనే తీసుకెళ్లారు. "ఎంత?" అని అడిగితే, "నాలుగింటికీ 28 కొట్టు. గట్టిగా ఉంటే మంచిదేగా" అన్నారు. తండ్రి ఆనాడు చూసుకోలేదు. కొడుకు చూశాడన్న ధీమా!

తండ్రి పదిహేడేళ్లపాటు తన చేతుల్ని అనుమానించుకున్నారు. ఆ చేతుల తప్పేం లేదా?

విషయం చెబితే కూతురు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఓ అమెరికా కారు సంగతి ఎత్తింది. షెవర్లే వాళ్లు 1960 మోడల్‌గా కార్వేర్ అనే కారు తెచ్చారు. ఇంజను వెనక. దానికీ స్వింగ్ యాక్సిలే. కంపెనీ చెప్పిన గాలి ముందు 15 పౌండ్లు, వెనక 26. చాలామంది ఆ తేడాని పట్టించుకోలేదు. ప్రమాదాలయ్యాయి, కోర్టు కేసులయ్యాయి. రాల్ఫ్ నాడర్ అనే లాయరు 1965లో రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయం ఆ కారు మీదే. నడిపేవాడు మర్చిపోయే అవకాశమున్న గాలి తేడా మీద కారు భద్రతని వదిలేయడమేమిటని ఆయన నిలదీశారు. తీరా 1972లో అమెరికా ప్రభుత్వం పరీక్షలు చేయించి, ఆ కాలపు ఇతర కార్లకంటే ఇది ఎక్కువ ప్రమాదకరం కాదని తేల్చింది.

"అన్నేళ్లు అంతమంది పరీక్షించినా తగువు తెగలేదు నాన్నా. ముప్పై ఏడేళ్ల కిందటి వానలో ఏం జరిగిందో మనం ఇంట్లో కూర్చుని ఎలా తేలుస్తాం?" అంది.

తేల్చలేరు. కానీ ఇక ముందు జరగకుండా చూసుకోవచ్చు. మాస్టారు కాగితం, పెన్సిలు తీసుకున్నారు. బండి బరువు సుమారు 800 కిలోలు. చక్రానికి 200. అంటే 440 పౌండ్లు. ఆ బరువుని మోసేది రబ్బరు కాదు, దాదాపుగా లోపలి గాలే. అది చదరపు అంగుళానికి 24 పౌండ్ల ఒత్తిడితో ఉంటే, టైరు నేలని తాకే జాగా ఉజ్జాయింపుగా 18 చదరపు అంగుళాలు. అరచేయంత! కారంతా, అందులోని మనుషులంతా, నాలుగు అరచేతుల మీద నిలబడి పోతుంటారన్నమాట. గాలి ఎక్కువైతే ఆ చెయ్యి చిన్నదవుతుంది. తక్కువైతే టైరు అంచులు నలిగి వేడెక్కుతాయి.

మరి వీళ్ల కారుకి సరైన అంకె ఏది? తండ్రి రాసిన 20, 25 పాత నైలాన్ టైర్ల నాటివి. రేడియల్‌కి సాధారణంగా కాస్త ఎక్కువ కావాలి. టైరు పక్కన అచ్చువేసి ఉండేది అది తట్టుకోగల గరిష్ఠం. కొట్టించుకోవాల్సిన గాలి కాదు. స్పిట్‌ఫైర్ లెక్క 21, 26తో మొదలుపెట్టారు. బంకులో గేజి ఒకటి చెబుతుంది, షాపులోది ఇంకోటి చెబుతుంది కాబట్టి సొంతంగా ఓ గేజి కొన్నారు. గాలి ఎప్పుడూ పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. వేడి ఓ ఐదారు డిగ్రీలు పెరిగితే చాలు, గాలి ఒత్తిడి సుమారు ఓ పౌండు పెరుగుతుంది. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చి, "అమ్మో ఎక్కువైంది" అని తీసేస్తే మర్నాటికి తక్కువైపోతుంది.

మిగతా పని సుద్దముక్కతో! నల్లబల్ల మీద ముప్పై ఏళ్లు రాసిన చెయ్యి, టైరుకి అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుకి తెల్లగీత గీసింది. తిన్నటి రోడ్డు మీద కొంతదూరం పోనిచ్చి దిగి చూశారు. గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ. అంచుల్లోనే చెరిగితే తక్కువ. మొత్తం సమంగా చెరిగితే సరి. వెనక సమంగా చెరిగింది. ముందు అంచుల్లో కాస్త ఎక్కువ పోయింది. మరో పౌండు పెంచారు. ముందు 22, వెనక 26. గోకవరం దాకా వెళ్లొచ్చి వేడి మీద మళ్లీ చూస్తే రెండేసి పౌండ్లు పెరిగాయి. పదో వంతుకి అటూఇటూ. ఫర్వాలేదనుకున్నారు. ఆ మలుపు దగ్గర మాస్టారు బండి బాగా నెమ్మది చేశారు. యాక్సిలరేటర్ మీంచి కాలు మాత్రం మలుపు రాకముందే తీశారు.

అసలు కష్టమైన పని మిగిలే ఉంది. ఆ రాత్రి అమ్మ మంచం పక్కన కూర్చుని అంతా చెప్పారు. డైరీ, 28 పౌండ్లు, ఆ ఉదయం. ఎనభై నాలుగేళ్ల ఆవిడ వంకర మణికట్టుని రెండో చేత్తో రాసుకుంటూ విన్నారు.

"ఆ రోజు మీ నాన్న జోరుగానే పోనిచ్చారురా. నెమ్మదీ అని రెండుసార్లు అన్నాను. వింటేనా!" అన్నారు. కాసేపాగి, "నీ గాలీ ఓ చెయ్యి వేసిందేమో. ఆయన వేగమూ వేసింది. వాన మాత్రం తక్కువ తిందా? అందరూ కలిసి చేసిందాన్ని ఆయనొక్కరూ నెత్తినేసుకున్నారు. ఇప్పుడు నువ్వొక్కడివీ వేసుకుంటావా?" అన్నారు.

మాస్టారు మాట్లాడలేదు.

"ఇంతకీ ఇప్పుడు సరిగా కొట్టించావా?"

"చూశానమ్మా. ముందు 22, వెనక 26."

"సరే. నేను మాత్రం ముందు కూర్చోను. వెనక సీట్లోనే."

మర్నాడు తెల్లవారుజామున, అన్నవరం బయల్దేరబోయే ముందు, మాస్టారు గేజి పట్టుకుని కారు వెనక్కి వెళ్లారు. వెనక బరువు పెరుగుతోంది కదా. కాలిపంపుతో ఇంకో రెండు పౌండ్లు కొట్టారు. జేబులోంచి తండ్రి డైరీ తీసి, 1986 జూలై లెక్క కింద, ఆరోజు తేదీ వేసి రాశారు.

ము 22, వె 28. అమ్మ వెనక సీట్లో.