ముక్కలైన ఆల్బమ్

పాటలన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉన్నా ఆల్బమ్ ముక్కలుగా కనిపించడం సినిమా పాటలకు పట్టిన జబ్బు. చాలా మ్యూజిక్ ప్లేయర్లు ఫోల్డర్‌ను పట్టించుకోవు, ఫైలు లోపలి ట్యాగులనే చదువుతాయి. ‘శంకరాభరణం’లో ఒక పాట బాలుది, ఒకటి వాణీ జయరామ్‌ది, ఇంకొకటి బాలు, జానకి కలిసి పాడినది. ఆర్టిస్ట్ పేరు మారిన ప్రతిచోటా ప్లేయర్ కొత్త ఆల్బమ్ సృష్టిస్తుంది.

దీనికి మందు ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అనే వేరే గడి. అందులో అన్ని పాటలకూ ఒకే పేరు, ఇక్కడైతే సంగీత దర్శకుడి పేరైన కె.వి. మహదేవన్ అని, రాస్తే చాలు. గాయకుల పేర్లు ఆర్టిస్ట్ గడిలో అలాగే ఉండవచ్చు. ఎంపీ3 ట్యాగుల ప్రమాణంలో ఆల్బమ్ ఆర్టిస్ట్ గడి నిజానికి వాద్యబృందం కోసం పెట్టినది. వాడుకే దాని అర్థం మార్చేసింది. వేర్వేరు సినిమాల పాటల సంకలనమైతే ‘కంపైలేషన్’ గుర్తు పెట్టడం మేలు.

అప్పటికీ అతకకపోతే అక్షరాలను అనుమానించాలి. పేరు చివర మిగిలిన ఖాళీ, ఒక ఫైలులో తెలుగు లిపి, మరోదానిలో ఇంగ్లిష్ స్పెల్లింగు: కంటికి చిన్నవే, ప్లేయర్‌కు మాత్రం వేర్వేరు ఆల్బమ్‌లు. ఎంపీ3ట్యాగ్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లతో అన్నింటినీ ఒకేసారి ఎంచుకుని దిద్దవచ్చు. ముందు కాపీ తీసుకోవడం మంచిది.

దీనికి విరుద్ధమైన సమస్యా ఉంది. 1953 నాటి ‘దేవదాసు’, 2006 నాటి ‘దేవదాసు’ కొన్ని ప్లేయర్లలో కలిసిపోతాయి. ఆల్బమ్ పేరు పక్కన సంవత్సరం చేరిస్తే విడిపోతాయి.