పేరు రాయని కుమార్తె



సంక్రాంతి సెలవుల్లో మన సంఘములోని విద్యార్థులను ఒక రోజు కోటలు చూపించడానికి తీసుకువెళ్లాము. ఎనిమిదో తరగతి మొదలు డిగ్రీ వరకు ముప్పై ఎనిమిది మంది పిల్లలు, వంటకూ సాయానికీ అయిదుగురు పెద్దలు, పాస్టరమ్మగారితో కలిసి మేము. ఎక్కడెక్కడ తిరిగారు, పిల్లలు ఏం నేర్చుకున్నారు అని ఆరాధన అయ్యాక చాలామంది అడిగారు. అక్కడ నిలబడి చెప్పడానికి సమయం చాలలేదు. అందుకే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాము.

ఈ ఆలోచన మాకు స్కాట్లాండు నుండి వచ్చింది. అక్కడ ఎమ్మెస్సీ చదువుతున్న మన సంఘపు బిడ్డ ఒకరు, తోటి విద్యార్థులతో కలిసి వ్యాను మాట్లాడుకుని ఆ దేశపు కోటలు చూసి వచ్చింది. ఫొటోలన్నీ మన యవ్వనస్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఎడింబరోలో నల్లటి రాతి గుట్టమీద కోట. స్టిర్లింగులో మరో కోట. తండ్రి చనిపోయేనాటికి ఆరు రోజుల పసిపాప అయిన మేరీకి, తొమ్మిది నెలల వయసులో, 1543లో, రాణిగా కిరీటం పెట్టింది ఆ స్టిర్లింగులోనేనట. చుట్టూ పచ్చిక కొండలు, గొర్రెల మందలు, సన్నటి వాన.

అన్నిటికంటే మన పిల్లలను ఆకట్టుకున్నది లోక్ లీవెన్ అనే సరస్సు. దాని మధ్య చిన్న దీవి, దీవి మీద కోట. పడవ ఎక్కితేనే చేరగలం. ఆ మేరీ రాణి పెద్దయ్యాక 1567లో ఆమెను అందులోనే బంధించి, రాజ్యం ఏడాది వయసున్న కొడుక్కి వదిలేసినట్టు సంతకం పెట్టించారు. మరుసటి సంవత్సరం ఆమె పడవలో తప్పించుకుంది. మన బిడ్డ పంపిన వాయిస్ మెసేజీలో మాట ఇది: "అయ్యగారూ, ఇది అచ్చం మన కొల్లేరులాగే ఉందండీ. చలికాలం వేల కొద్దీ బాతులు ఎక్కడినుంచో వస్తాయట. ఒకప్పుడు కాలవ తవ్వి నీళ్లు తీసేస్తే సరస్సు చిన్నదైపోయి, కోట ఉన్న దీవి పెద్దదైందట."

అది విని ఒక పిల్లవాడు అడిగాడు, "మన కొల్లేట్లో కూడా కోట ఉందాండీ?" అని. ఊరి పేరులోనే ఉంది కదా నాయనా, కొల్లేటికోట అని చెప్పాము. పుట్టినప్పటి నుండి ఉండిలో పెరిగిన పిల్లల్లో సగంమంది ఆ ఊరు చూడలేదు. అలా బయలుదేరాము.

తెల్లవారుజామున అయిదింటికి ప్రార్థన చేసుకుని బస్సు ఎక్కాము. ఆకివీడు దాటి ఉప్పుటేరు వంతెన మీదికి వచ్చేసరికి ఇంకా మంచు విడలేదు. స్కాట్లాండు ఎక్కడ, మనమెక్కడ అని పిల్లలు అనుకోకూడదని దారిలో వారికి ఒక సంగతి చెప్పాము. స్కాట్లాండుకు వాయవ్యాన లూయిస్ అనే దీవి ఉంది. అక్కడ పుట్టిన కాలిన్ మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మన తెలుగు గ్రామాల కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, శాసనాల నకళ్లు పోగుచేయించిన దొర ఆయనే. అయితే దొరకు తెలుగు ఊళ్లు ఎలా తెలుస్తాయి? ఊరూరా తిరిగి, పెద్దలను అడిగి, రాసుకుని తెచ్చినవారిలో ముఖ్యుడు మన ఏలూరులో పుట్టిన కావలి వెంకట బొర్రయ్య గారు, ఆయన తరువాత ఆయన తమ్ముడు లక్ష్మయ్య గారు. స్కాట్లాండు మనిషికి మన కోటల కథలు చెప్పినవారు ఏలూరువారే అన్నమాట. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కైకలూరు దగ్గర ఆటపాకలో ఆగాము. గూడబాతులు చెట్లమీదా, ఇనుప స్టాండ్ల మీదా కిక్కిరిసి కూర్చుని ఉన్నాయి. ఎర్రకాళ్ల కొంగలు పిల్లల నోట్లో చేపలు పెడుతున్నాయి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేర్చారు. లోక్ లీవెన్ కూడా అదే జాబితాలో ఉంది. 2006లో సరస్సులోపలి చేపల చెరువుల గట్లు కొట్టేసిన సంగతి మన ఇళ్లలో చాలామందికి బాగా గుర్తే. ఆ గట్లమీద కూలి చేసి పొట్టపోసుకున్న కుటుంబాలు మన సంఘములోనే ఉన్నాయి. పక్షికి గూడు కావాలి, మనిషికి కూడు కావాలి. ఆ రెండూ ఒకే నీళ్లలో వెతుక్కోవలసిన చోట పుట్టినవాళ్లం మనం.

అక్కడినుండి ఆలపాడు మీదుగా కొల్లేటికోట చేరాము. పెద్దింట్లమ్మ గుడి ఉన్న ఊరు అది. ఊరివారు మమ్మల్ని ఆదరంగా పలకరించి, పిల్లలకు మంచినీళ్లు ఇచ్చారు. కోట అని చెప్పుకోదగ్గ గోడ కోసం పిల్లలు వెతికారు గానీ, ఫొటోల్లో చూసినలాంటిది ఏదీ వారి కంటపడలేదు. నీళ్లు, తూడు, గుర్రపుడెక్క, దూరంగా గట్లు. అక్కడే నీడన కూర్చోబెట్టి, ఈ ప్రాంతంలో పెద్దలు చెప్పుకునే కథ చెప్పాము.

ఒడిశా గజపతుల కాలంలో ఇక్కడ కోట ఉండేది. చుట్టూ కొల్లేరు కాబట్టి శత్రువు రాలేకపోయాడు. అప్పుడు శత్రు సైన్యం చిగురుకోటలో దిగి ఒక ఉపాయం పన్నింది. సరస్సు నీళ్లు సముద్రంలోకి పోయేటట్టు కాలువ తవ్వితే కోట చుట్టూ నేల తేలుతుంది, నడిచి వెళ్లి పట్టుకోవచ్చు అని. ఆ కాలువే ఇప్పటి ఉప్పుటేరు అని కథ. కోటలోని సేనాపతికి దిక్కు తోచలేదు. దేవతను శాంతింపజేస్తే కోట దక్కుతుందని తన సొంత కూతురిని బలి ఇచ్చాడు. అందుకే ఆ కాలువకు పేరంటాల కనమ అనే పేరు వచ్చిందంటారు.

కథ అయిపోగానే ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక ఆడపిల్ల లేచి అడిగింది. "ఆ అమ్మాయి పేరేంటండీ?"

మేము విన్న కథలో ఆ అమ్మాయికి పేరు లేదు. రాజుకు పేరుంది, కాలువకు పేరుంది, శత్రువు దిగిన ఊరికి కూడా పేరుంది. ఆ మాటే చెప్పాము. వెంటనే ఏడో వరుసలో కూర్చున్న కుర్రవాడు "పోనీ కోటయినా మిగిలిందాండీ?" అన్నాడు. పిల్లలందరూ చుట్టూ చూశారు. ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నానికి గుడివాడ, విజయవాడ మీదుగా కొండపల్లి చేరాము. ఇక్కడ మాత్రం కోట ఉంది. 14వ శతాబ్దంలో కట్టిన కోట. రెడ్డిరాజులు, గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు ఒకరి తరువాత ఒకరు ఏలారు. 1766లో ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. అంత ఎత్తు కొండ, అంత మందం గోడ కట్టినా ఎవరి చేతిలోనూ నిలవలేదు. పైనుంచి చూపిస్తూ పిల్లలకు ఇంకొకటి చెప్పాము. ఈ వైపు మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరు వంకలు తిరుగుతూ పోయి మన కొల్లేట్లోనే కలుస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచింది అదే. కొండలమీద పడిన వాన కొల్లేరుకు వచ్చి, ఉప్పుటేరు గుండా మన పక్కనుంచే సముద్రానికి పోతుంది.

కొండ దిగువన బొమ్మల కాలనీలో తెల్లపొణికి కర్ర చెక్కడం, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికించడం పిల్లలు దగ్గరుండి చూశారు. పాస్టరమ్మగారు సండే స్కూలు కోసం ఎడ్లబండి ఒకటి, రోకలితో దంచుతున్న స్త్రీ బొమ్మ ఒకటి కొన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. కొల్లేటికోటలో పేరు అడిగిన ఆ బిడ్డ తండ్రి కూడా మాతో వచ్చారు. పులిహోర కలిపింది ఆయనే. చేపల చెరువు మీద కాపలా ఉంటారు. ఆ బిడ్డ నర్సింగు చదవాలని ఆశపడుతోంది. ఈలోగా ఒక సంబంధం వచ్చింది. పరీక్షలు అవగానే ముహూర్తం అనుకున్నారు. ఆ కుటుంబం అనుమతితోనే ఈ మాట రాస్తున్నాము.

కొండపల్లి కోట మెట్లమీద కూర్చుని ఆయన మాతో అన్నారు. "అయ్యగారూ, నేను పిల్లని బలి ఇవ్వట్లేదండీ. నేను రాత్రంతా చెరువు గట్టుమీదుంటాను. వాళ్లమ్మ రొయ్యల షెడ్డుకు పోద్ది. పిల్ల కాలేజీనుంచి చీకటి పడ్డాక వస్తే ఎవరు చూస్తారు? రేపు ఎవడన్నా ఒక మాటంటే నా ఇల్లు నిలబడుద్దాండీ?"

ప్రియులారా, ఆ తండ్రిని తీర్పు తీర్చడానికి మేము ఇది రాయడం లేదు. ఆయన భయం నిజమైనది. అయితే "నా ఇల్లు నిలబడుద్దా" అన్న మాట దగ్గర మేము ఆగిపోయాము. సేనాపతి కూడా అదే కదా అడిగాడు, కోట నిలబడుతుందా అని.

పరిశుద్ధ గ్రంథములో యెఫ్తా సంగతి మీకు తెలుసు. న్యాయాధిపతులు 11వ అధ్యాయము. యుద్ధములో గెలవాలని మొక్కుకున్నాడు. గెలిచి వస్తుంటే తంబురలతో ఎదురు వచ్చింది ఒక్కగానొక్క కుమార్తె. ఆ అధ్యాయమంతా చదవండి. అలాంటి మొక్కు మొక్కమని దేవుడు యెఫ్తాను అడిగినట్టు ఎక్కడా కనబడదు. ఆ కుమార్తె పేరు కూడా కనబడదు. ఏటేటా నాలుగు రోజులు ఆమెను జ్ఞాపకం చేసుకున్నది ఎవరు? ఇశ్రాయేలు కుమార్తెలే. మన బస్సులో కూడా పేరు అడిగింది ఒక కుమార్తే.

దాని పక్కన సంఖ్యాకాండము 27వ అధ్యాయము పెట్టి చదవండి. సెలోపెహాదుకు కొడుకులు లేరు. అయిదుగురు కుమార్తెలు మోషే ఎదుటికి, పెద్దలందరి ఎదుటికి వచ్చి మా తండ్రి స్వాస్థ్యములో మాకు భాగం ఇవ్వండి అని అడిగారు. మోషే వారిని కసరలేదు, తొందరపడి జవాబూ చెప్పలేదు. ఆ వ్యాజ్యెమును దేవుని దగ్గరకు తీసుకువెళ్లాడు. వారు అడిగింది న్యాయమే అని దేవుడు తేల్చాడు. ఆ అయిదుగురి పేర్లూ గ్రంథములో ఉన్నాయి: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి కోసం ఇవ్వబడిన బిడ్డకు పేరు మిగలలేదు. నోరు తెరిచి అడిగిన బిడ్డల పేర్లు నేటికీ చదువుతున్నాము.

పద్దెనిమిది నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయకూడదని చట్టం చెబుతోంది, అది అందరికీ తెలుసు. పద్దెనిమిది నిండిన మరునాడు చదువు మాన్పించడానికి చట్టం అడ్డురాదు. అక్కడ అడ్డుపడవలసింది సంఘము. ఆ తండ్రి అడిగినవి మూడే ప్రశ్నలు. చీకటి పడ్డాక పిల్లను ఎవరు చూస్తారు? ఫీజు ఎవరు కడతారు? ఎవరైనా ఒక మాటంటే మా పక్కన ఎవరు నిలబడతారు? ఈ మూడింటికీ జవాబు వాక్యంతో మాత్రమే చెబితే సరిపోదు. బస్టాండు దగ్గర ఇల్లున్న ఇద్దరు సహోదరీలు సాయంత్రం పిల్లలను దించుకుని ఇంటిదాకా తీసుకువెళ్తామని ముందుకు వచ్చారు. విద్యానిధి పెట్టె ఒకటి మందిరములో ఉంచుతున్నాము. మూడో ప్రశ్నకు జవాబు మనందరి నాలుకల మీద ఉంది. మాట అనేది బయటివారే కాదు, మనమూ అంటాము.

స్కాట్లాండు నుండి ఫొటోలు పంపిన బిడ్డ ఇంట్లో కూడా ఆరేళ్ల క్రితం ఇవే మాటలు నడిచాయి. ఆమె తండ్రి అప్పుడు ఎంత నలిగిపోయారో మేము చూశాము. ఆయనే ఇప్పుడు ఆ కాపలా సహోదరుని చెరువు దగ్గరికి రెండుసార్లు వెళ్లి కూర్చుని వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో మేము అడగలేదు.

ఈ రోజుకు సంగతి ఇంతవరకు వచ్చింది. పెళ్లివారిని ఉగాది దాకా ఆగమని కబురు పెట్టారు. వద్దని చెప్పలేదు, సరేననీ అనలేదు. నర్సింగుకు ఎంత ఖర్చవుతుందో కాగితం మీద రాసి ఇవ్వమని మొన్న ఆదివారం అడిగారు. రాసి ఇచ్చాము.

ఆ బిడ్డ పేరు ఇక్కడ రాయలేదు. ఆ పేరు రాయవలసిన చోటు కాలేజీ రిజిస్టరు. అక్కడ పడేవరకు మీ కుటుంబ ప్రార్థనల్లో ఆమెను, ఆమె తల్లిదండ్రులను జ్ఞాపకం చేసుకోండి. విద్యానిధికి ఇవ్వగలిగినవారు ఇవ్వండి, సాయంత్రం పిల్లలకు తోడు నడవగలిగినవారు పాస్టరమ్మగారికి చెప్పండి.

మన కుమారులను, కుమార్తెలను ప్రభువు కాపాడి దీవించును గాక. ఆమేన్.