పాత ట్రక్కుకి ఎంతివ్వాలి?

దర్శి పక్క ఊళ్ళో పాత ట్రాక్టరు ట్రక్కు 90 వేలకి అమ్ముతున్నారని మా ఆయన చూసొచ్చారు. రంగు బాగుందట. రంగుదేముందండీ, నిన్నే వేసుంటారు! ఆ డబ్బు పాప ఫీజుకని నేను కట్టిన చీటీది, అందుకే నేనూ వెళ్ళాను. అడుగు రేకు మూలల్లో గోరుతో గీకితే తుప్పు పెచ్చులుగా రాలింది. టైర్లు నున్నగా అరిగాయి. ట్రక్కుకి ట్రాక్టరుది కాకుండా వేరే నంబరు, వేరే ఆర్సీ ఉంటాయి కదా, అదడిగితే "తర్వాతిస్తాలే అమ్మా" అన్నాడు.

రేకుకీ టైర్లకీ అయ్యే ఖర్చు తీసేసి 60 వేలన్నాను, అదీ ఆర్సీ చేతికొచ్చాకే. "మిరప కోతలొస్తున్నాయి, మళ్ళీ బాడుగ ట్రక్కేనా?" అని అత్తయ్య బెంగ. ఈ ఏటికి బాడుగే కడదామన్నాను.

నిన్న ఫోన్ చేసి 70కి దిగాడు. ఆర్సీ మాట ఎత్తలేదు.