చంపావతి వెంట ఆకురాలు కాలం

మా నెల్లిమర్లలో శివరాత్రి వెళ్లాక పెరటి వేప పండుబారుతుంది. వారం తిరక్కుండానే వాకిలంతా ఆకే. "ఎంత తుడిసినా తరగదు బాబూ" అంటూ పక్కింటి మామ్మ పొద్దున్నే చీపురు పట్టుకుంటుంది. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. రామతీర్థం జాతర జనం ఇళ్లకు చేరాక, మార్చి 1 శనివారం తెల్లవారకముందే కెమెరా సంచీ మోటారు సైకిలుకి కట్టుకుని బయల్దేరాను. ఎగువన ఆండ్ర కొండల దగ్గర మొదలుపెట్టి, చంపావతి సముద్రంలో కలిసే కోనాడ దాకా రెండు రోజులు ఏటి వెంట చెట్లు చూసుకుంటూ రావాలని నా ఆలోచన.

చిన్నప్పుడు గోడ క్యాలెండర్లలో ఎర్రటి మేపుల్ అడవులు, శ్రీనగర్ చినార్లు చూసి మనకిలాంటివి లేవే అని బాధపడేవాణ్ణి. పైగా ఆ బొమ్మల కింద శరత్తు అని రాసేవారు. మన శరత్తు రెల్లు పూసే కాలం, కడిగినట్టుండే ఆకాశం. దసరాకి మా ఊళ్లో ఆకు రాలదు, శిశిరంలో రాలుతుంది. తేడా పేరులోనే కాదు, కారణంలోనూ ఉంది. అక్కడి చెట్టు పగళ్లు కురచవుతుంటే, గడ్డకట్టే చలి రాకముందే ఆకు విడుస్తుంది. ఇక్కడి చెట్టు దాహానికి విడుస్తుంది. ఆకున్నంత కాలం దాని సన్నని రంధ్రాల్లోంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. వానలు వదిలిపోయిన తడి నేలలో అడుగంటే వేళకి చెట్టు ఆ ఖర్చు మానుకుంటుంది. ఆకుపచ్చని విరగ్గొట్టి, అందులో పనికొచ్చేదంతా కొమ్మలోకి లాగేసుకుంటుంది. అన్నాళ్లూ ఆకుపచ్చ చాటున దాగిన పసుపు అప్పుడు పైకి తేలుతుంది.

అందుకే మన దగ్గర ఒకే రోజు ఒక చెట్టు మోడై, ఇంకొకటి పండుబారి, మూడోది చిగురేసి కనిపిస్తాయి. కొండంతా ఒక్క రంగు కమ్ముకోదు. నేల కింద నీళ్లెంత దూరంలో ఉన్నాయో ఒక్కో చెట్టూ ఆకుతో చెబుతుంది. ఆ మాటని ఫొటోలో పట్టాలని నా కోరిక.

గజపతినగరం, మెంటాడ దాటి ఆండ్ర చేరేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది. టేకు తోటలోకి అడుగు పెడితే చప్పుడే ముందు పలకరించింది. విస్తరంత ఆకులు, కాలు పడితే అప్పడాల్లా విరుగుతున్నాయి. మోడు కొమ్మల మధ్య నుంచి వెలుతురు ఏ అడ్డూ లేకుండా నేల దాకా దిగుతోంది. ఆకుల కాలంలో ఈ తోటలో లోపలికి చూపే వెళ్లదు. పొద్దుకి ఎదురుగా నిలబడి, ట్రైపాడ్ మోకాలెత్తుకి దించి, నేల మీది ఆకుల ఈనెలు మెరిసేలా తీశాను. తోట అంచున మోదుగ ఆకు లేకుండా పూసి ఉంది. కాస్త ఎడంగా బూరుగ, దాని కింద రాలిన ఎర్రటి దొప్పల్లాంటి పూలు.

ఎండెక్కాక మేకల్ని తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు.

"ఏటి బాబూ, ఎండిపోయిన కొండకి ఫొటోలేటి? వానలకి రాకపోనావా?"

"ఇదే బాగుంది తాతా. నీళ్లు ఎక్కడున్నాయో కనిపిస్తోంది."

ఆయన కర్రతో ఎదుటి కొండ చూపించాడు. "అదిగో, పచ్చగా జారినట్టుంది చూడు, అది గెడ్డ. పైన నీళ్లుండవు. ఇసక గీకితే ఊరతాది. మేకలకి అక్కడే చెలమ తీస్తాను."

మిట్టమధ్యాహ్నం కెమెరా మూసేయమని ఫొటోగ్రఫీ నేర్పేవాళ్లంతా చెబుతారు. నేనూ అలాగే చేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఆ వెలుతురే కావాల్సి వచ్చింది. నీడలు చెట్ల కాళ్ల దగ్గరికి ముడుచుకుపోవడంతో కొండ మొత్తం పటంలా పరుచుకుంది: తుప్పు రంగు ఖొండలైట్ రాయి, గోధుమరంగు అడవి, దాని నడుమ పైనుంచి కిందికి ఒకే ఒక్క ఆకుపచ్చ పోగు. ఖొండలైట్ అన్న పేరు ఈ తూర్పు కనుమల ఖోండు గిరిజనుల మీదుగానే వచ్చింది. పోలరైజర్ తిప్పి ఆకుల మీది తెల్లని మెరుపు తీసేస్తే, ఆ పోగు ఎక్కడ సన్నబడి ఎక్కడ మాయమైందో తెలిసింది. రెండు రోజుల్లో తీసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫొటో అదే.

ఆ పక్క వాలులో కొంత మేర నల్లగా కాలి ఉంది. కొత్త గడ్డి మొలుస్తుందని ఎండాకుకి నిప్పు పెడుతుంటారు. చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఆకు పరుపులా ఉంటేనే తొలకరి నిలిచి ఇంకుతుంది. బూడిద మీద పడిన వాన మట్టిని కూడా కోసుకుని ఏట్లోకి పోతుంది. ఆ పెద్దాయన చెలమలో ఊరే నీళ్లు ఆ ఆకు కింద దాచుకున్నవే.

రాత్రి ఇంటికొచ్చి చూసుకుంటే పొద్దుటి ఫొటోల్లో పసుపు పాలిపోయి ఉంది. వైట్ బ్యాలెన్స్ కెమెరాకే వదిలేశాను. నిండా పసుపు కనిపించేసరికి అది దిద్దవలసిన తప్పనుకుంది. దాన్ని ఎండ గుర్తు మీద కదలకుండా పెట్టి పడుకున్నాను.

ఆదివారం ఆరు కాకముందే రామతీర్థంలో గురుభక్తుల కొండ ఎక్కుతున్నాను. నడుము మీద సన్నని అంచు వెంట వరసగా బౌద్ధుల స్తూపం, చైత్యాలు, విహారాల పునాదులు. ఒక పక్క నిలువు బండ, ఇంకో పక్క లోయ. తొలి ఎండ పక్కనుంచి తగలగానే ఇటుకలకి ప్రాణం వచ్చింది. బండ పగుల్లో దోసెడు మట్టి పట్టుకుని ఒక రావి మొక్క ఉంది. ఒక్క ఆకు లేదు. కొమ్మ చివర్లు మాత్రం మొనదేలి, నున్నగా, ఎర్రగా ఉన్నాయి. కిందికి దిగితే చెరువు గట్టున పెద్ద రావి నిండుగా పాతాకుతో గలగలలాడుతోంది. అదే జాతి, అదే ఉదయం. ఒకదానికి దోసెడు మట్టి, మరొకదానికి చెరువు. రెంటినీ ఒకే లెన్సుతో, ఒకే ఎక్స్‌పోజర్‌తో తీశాను. పక్కపక్కన పెడితే నేనేమీ రాయనక్కర్లేదు.

మధ్యాహ్నం నెల్లిమర్ల మీదుగానే వెళ్లాను. మామిడి తోటల్లో లేతాకు రాగి రంగులో వేలాడుతోంది. పరదేశీయులెవరైనా చూస్తే అది రాలబోయే ఆకనుకుంటారు. కానుగ మాత్రం కళ్లు చెదిరే చిగురుపచ్చ. దారిలో నేను ఏటా తీసే ఒక రావి ఈసారి లేదు, మొదలు కూడా పూడ్చేశారు. పదకొండేళ్ల ఫొటోలున్నాయి నా దగ్గర దానివి. కాసేపు ఆగి, ఖాళీగా ఉన్న ఆ చోటునే తీసుకున్నాను.

కోనాడకి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. చంపావతి మొగ దగ్గర ఇసుక, ఉప్పుగాలి, సరుగుడు తోపు. సరుగుడుకి ఆకురాలు కాలమంటూ లేదు. ఏడాది పొడుగునా సూదుల్లాంటి రెమ్మలు రాల్చుకుంటూనే పచ్చగా ఉంటుంది. కానీ తోపు చివర, వలలు ఆరేసిన చోట, ఒక బాదం చెట్టు నిలువునా ఎర్రబడి ఉంది. బాదం నా నీళ్ల లెక్కకి లొంగదు. ఏడాదికి రెండుసార్లు కూడా ఆకు మారుస్తుంది. వేపలా దాచుకున్న పసుపు చూపించి ఊరుకోదు, రాలే ముందు కొత్తగా ఎరుపు తయారుచేసుకుంటుంది.

మన సముద్రం తూర్పున ఉంది. సాయంత్రం వెలుతురు కావాలంటే అలలకి వీపు పెట్టి ఊరివైపు చూడాలి. చీలమండల దాకా నీళ్లలో నిలబడ్డాను. పొద్దు పడమటికి వాలేకొద్దీ ఒక్కో ఆకూ వెనకనుంచి వెలిగి, ఈనెలతో సహా లెక్కపెట్టేలా కనిపించింది. వలలు బాగుచేస్తున్న ఆవిడ తలెత్తి చూసి, అడ్డమేమోనని పక్కకి జరగబోయింది. "ఉండమ్మా, అక్కడే ఉండు" అన్నాను. నీడ నేల నుంచి మొదలై చెట్టు మీదికి ఎగబాకుతూ వచ్చింది. అడుగు కొమ్మలు ముందు ఆరాయి, తర్వాత నడిమివి. చిటారున నాలుగైదు ఆకులు ఇంకా మండుతుండగా ఆఖరిసారి నొక్కాను.