నాయనమ్మ విన్న రూతు కథ

మా ఇంట్లో బైబిలు ఒక్కటే ఉండేది. నాయన పెళ్లినాటి పంచె ముక్కలో చుట్టి, చెక్క పెట్టెలో బట్టల మీద పెట్టేవాళ్లు. మొదట్లో ఉండే ఖాళీ కాగితం మీద ఇంట్లో పుట్టినవాళ్ల పేర్లూ, పోయినవాళ్ల పేర్లూ నాయన చేతిరాతలో ఉండేవి. పురుగు పట్టకుండా పేజీల మధ్య వేపాకు పెట్టేది చిన్నత్త. ఇప్పటికీ ఏ పాత పుస్తకంలోనైనా ఎండిన వేపాకు వాసన తగిలితే చాలు, గుండ్లకమ్మ గట్టున మా పల్లె, చలికాలపు రాత్రులు, బారన్లలో కాలుతున్న పొగాకు ఘాటు, పొయ్యి మీద కుతకుతమనే జొన్న సంగటి అన్నీ ఒక్కసారిగా వచ్చి కూర్చుంటాయి.

మాది ఒంగోలు వైపు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మా వైపు పెద్దవాళ్లు నిన్న మొన్న జరిగినట్టు చెప్పేవాళ్లు. అంతకు ముందు ధాత నామ సంవత్సరంలో వచ్చిన ధాత కరువు. జనం గంజికి లేక అల్లాడుతుంటే మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత మేర కంట్రాక్టు తీసుకుని పని చూపించాడు. మట్టి మోసి అలిసినవాళ్లు కాసేపు కూలబడితే బోధకులు వాళ్ల మధ్యే కూర్చుని వాక్యం చెప్పేవాళ్లు. నాయనమ్మ వాళ్ల పెద్దలు ఆ కాలవ మట్టి మోసినవాళ్లేనట. మా ఇంట్లోకి వాక్యం అలా చెవి గుండా వచ్చింది. అక్షరం తర్వాతెప్పుడో వచ్చింది.

నాయనమ్మ దాకా ఆ అక్షరం రానేలేదు. అందుకే నాకు కూడబలుక్కోవడం వచ్చిన దగ్గర్నుంచీ చదివే పని నాది. పొద్దు వాలాక చిన్నత్త లాంతరు చిమ్నీని ముగ్గుపిండితో తుడిచి, వత్తి సరిచేసి పీట పక్కన పెట్టేది. నాయనమ్మ కొంగు తలమీదికి లాక్కుని, కందికాయలు వలిచే చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఇక చదువు నాయనా" అనేది.

రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం అయిదు చదివితే ఏడాదిలో 1,189 అధ్యాయాలూ పూర్తవుతాయని అయ్యగారు గుడిలో లెక్క చెప్పేవారు. మంచి లెక్కే, చాలామంది అలా చదివి బాగుపడ్డారు. నాయనమ్మ దగ్గర మాత్రం ఆ లెక్క నడిచేది కాదు. "ఆగు. ఆ పిల్ల ఎక్కడ ఏరిందన్నావు? మళ్లీ చదువు" అనేది. పరిగె ఏరుకున్న ఆ పిల్ల కథ, రూతు గ్రంథం, మొత్తం నాలుగే అధ్యాయాలు, అయినా మాకు చాలా రాత్రులు పట్టింది. చిన్న వయసులోనే తాతయ్య పోతే, నాయనను చంకనేసుకుని చేలల్లో పరిగె ఏరిన మనిషి ఆమె. జొన్న కోతలప్పుడు ముందు కోసేవాళ్లుంటారనీ, పరిగె ఏరేవాళ్లు వాళ్ల వెనక ఎంత దూరంలో నడవాలో, చేను కామందు కళ్లు ఎటున్నాయో చూసుకుని వంగాలనీ ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. కట్టల్లోంచి కూడా కొన్ని కంకులు కావాలనే లాగి పడెయ్యమని చేను కామందు బోయజు కూలీలతో చెప్పే చోట పుస్తకం మీద చెయ్యి పెట్టి ఆపేసింది. "మా ఊళ్లోనూ అలాంటి పెద్ద రైతు ఒకాయన ఉండేవాడు, చూసీ చూడనట్టు పక్కకి తిరిగేవాడు" అంది. సాయంత్రానికి రూతు దుల్లగొట్టుకున్నవి తూమెడు యవలయ్యాయని చదివితే, "పని తెలిసిన పిల్ల" అని మెచ్చుకుంది.

మత్తయి సువార్త మొదట్లో పేర్ల పట్టీ ఉంటుంది కదా, పిల్లలు ఎవరైనా దాటేద్దామనుకునే చోటు. నాయనమ్మ దాటనిచ్చేది కాదు. ఆ మగవాళ్ల పేర్ల వరస మధ్యలో రూతు పేరు ఎక్కడొస్తుందో ఆమెకి తెలుసు. రాగానే తలూపేది. పరిగె ఏరిన పిల్ల దావీదు రాజుకి ముత్తవ్వ అయిందని ఇరుగుపొరుగు ఆడవాళ్లకి తన సొంత చుట్టం సంగతిలా చెప్పేది.

ఒక శీతాకాలం లేవీయకాండంలోకి వచ్చాం. పొలం అంచుల దాకా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, పేదవాళ్లకూ పరదేశులకూ వదిలెయ్యండి అన్న ఆజ్ఞ పంతొమ్మిదో అధ్యాయంలో ఉంది. దాన్ని నాలుగైదు సార్లు చదివించుకుని ఏమీ అనకుండా లేచి పడుకుంది. అప్పటికి మేం అరెకరం కౌలుకి చేస్తున్నాం. కోతలనాడు నాయన కొడవలి పట్టుకుని తూర్పు మూలకి వస్తుంటే, "ఆ మూల ఉండనియ్యి" అంది. మాకే గింజలు చాలని ఏడాది అది. నాయన మారు మాట్లాడలేదు. ఆ తర్వాత మేం చేను చేసినన్నేళ్లూ ఆ మూల కొయ్యలేదు.

ఆ తర్వాత బైబిలు మీద పెద్ద పెద్ద ప్రసంగాలు విన్నాను, వ్యాఖ్యానాలు చదివాను, వాటి మేలు వాటిది. కానీ వాక్యం మనిషిలోకి దిగి పెరగడమంటే ఏమిటో నాకు తెలిసింది ఆ చేని మూల దగ్గరే. ఇప్పుడు ఫోనే మొత్తం బైబిలు చదివి వినిపిస్తోంది, చూపు ఆననివాళ్లకి అదీ మంచిదే. అయినా మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ రాత్రి వాళ్ల పక్కన కూర్చుని ఒక్క అధ్యాయం మీ గొంతుతో చదవండి. ఆగమన్నచోట ఆగండి.